గంగాప్రసాద్ గారి రెండు బిల్లులు

ఎమ్మెల్యే క్వార్టర్స్, హైదరాబాద్
4 ఫిబ్రవరి 2025

శ్రీవాణీ,

ఫోన్‌లో నువ్వు నా మాట రెండు నిమిషాలకు మించి వినవు. మూడో నిమిషంలో "మామా, మీటింగ్ ఉంది" అంటావు. మీ ఇన్సూరెన్స్ ఆఫీసులో మీటింగులన్నీ నేను ఫోన్ చేసినప్పుడే ఎందుకు జరుగుతాయో నాకు తెలియదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జవాబు కూడా కాగితం మీదే రాయి. నా ఫోన్‌కు వచ్చేవన్నీ ముందు మా పీఏ చదువుతాడు. ఇంటి పిల్ల నన్ను తిట్టే తిట్లు అతను చదవడం నాకు ఇష్టం లేదు.

విషయానికి వస్తాను. వచ్చే సమావేశాల్లో రెండు అనధికార బిల్లులు పెడుతున్నాను. అంటే ప్రభుత్వం పెట్టేవి కావు, మామూలు సభ్యుడు సొంతంగా పెట్టుకునేవి. మొదటిది గల్ఫ్ కార్మికుల బీమా నియంత్రణ బిల్లు. మన రాష్ట్రం నుంచి మనిషిని పంపే ప్రతి ఏజెన్సీ, అతనికి ఏ బీమా ఉందో, ఎప్పుడు డబ్బు వస్తుందో, ఎప్పుడు రాదో తెలుగులో రాసి కుటుంబం చేతికి ఇవ్వాలి. రెండోది పన్ను రాయితీ బిల్లు. బీమా చేయించిన ఏజెన్సీకి వృత్తి పన్నులో రాయితీ. రెండూ నేనే రాశాను. రాయించాను అనుకో. మొత్తం ఇరవై రెండు పేజీలు, దీంతో జత చేశాను. పదకొండేళ్లుగా మస్కట్‌లో నీ ఉద్యోగమే అది కాబట్టి, చదివి బాగుందని నాలుగు మాటలు రాయి. నిపుణుల అభిప్రాయమని చూపించుకుంటాను.

ఇంకో సంగతి. శాంతవ్వ అని మన మండలం ఆమె నా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త పోచన్న మీ మస్కట్‌లోనే, మబేలాలో సెంట్రింగ్ పని చేసేవాడు. పోయిన ఏడు కంపెనీ బండి బోల్తాపడి కుడి కాలు నలిగింది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, నడవలేడు. అక్కడేదో బీమా కంపెనీ డబ్బు రాదని కాగితం పంపిందట. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకెక్కడ దొరుకుతుంది? ఆమెను సభ గ్యాలరీలో కూర్చోబెట్టి ఆమె కష్టం సభకు వినిపిస్తాను.

ఖర్జూరాలు పంపకు. నాకు సుగర్ పెరిగింది. మీ అత్త మాత్రం పంపమంటోంది.

నీ మేనమామ
గంగాప్రసాద్, శాసనసభ్యుడు


వాడి కబీర్, మస్కట్
15 ఫిబ్రవరి

మామా,

సంతకం పక్కన శాసనసభ్యుడని రాయకపోతే నువ్వెవరో నాకు తెలియదనుకున్నావా?

బిల్లులు చదివాను. మా కిటికీ కింద పొద్దున ఆరింటికే స్కూలు బస్సులు హారన్లు కొడుతుంటాయి. ఆ గోల మధ్య కూర్చుని ఇరవై రెండు పేజీలూ చదివాను. మొదటి పదమూడు పేజీల్లో గల్ఫ్ కార్మికుడి చెమట, కన్నీళ్లు, త్యాగం. పద్నాలుగో పేజీలో చట్టం మొదలైంది, పదిహేనో పేజీలో అయిపోయింది. మిగతా ఏడు పేజీలు నీ జీవిత విశేషాలు, ఫొటోతో సహా. బిల్లులో ఫొటో పెట్టుకున్న శాసనసభ్యుడివి బహుశా నువ్వొక్కడివే.

బీమా చట్టం ఢిల్లీ చేతిలో ఉంది. మీ సభ చేసే చట్టం పక్క రాష్ట్రంలోనే చెల్లదు, మస్కట్‌లో ఎవరు పట్టించుకుంటారు? ఇక్కడ కార్మికుడికి బీమా చేసేది ఇక్కడి కంపెనీ, ఇక్కడి చట్టం ప్రకారం, అరబ్బీలోనో ఇంగ్లీషులోనో. నీ తెలుగు కాగితాన్ని ఏజెంటు బజ్జీలు చుట్టుకోవడానికి వాడతాడు.

రెండో బిల్లు ఇంకా ముచ్చటగా ఉంది. ఏజెంటుకు రాయితీ! వీసా పేరు చెప్పి మనిషిని పీల్చి పంపించేవాడికి నువ్వు ఎదురు బహుమానం ఇస్తావు. వాడు ఏం చేస్తాడో చెప్పనా? రాయితీ ఎంత వస్తుందో చూసుకుని, అంతకంటే తక్కువకు దొరికే పాలసీ కొంటాడు. అలాంటివి ఉంటాయి మామా. ఓడ మునిగితే డబ్బు ఇస్తారు, గోడ మీద నుంచి పడితే ఇవ్వరు. మన పోచన్నలు ఓడల్లో రారు. మిగిలింది జేబులో వేసుకుని వాడు నీకు సన్మానం చేస్తాడు. నువ్వు చేయించుకుంటావు.

నిపుణుల అభిప్రాయం అడిగావు కదా. నీ కాగితాలకు వెనక వైపు ఖాళీగా ఉంది, దేనికైనా వాడుకోవచ్చు.

చివరగా ఒక్క మాట. పోచన్న సంగతి సభలో ఎత్తకు. శాంతవ్వను గ్యాలరీలో కూర్చోబెట్టకు. ఎందుకని ఇప్పుడు నన్ను అడగకు.

ఖర్జూరాలు అత్తకు పంపుతున్నాను. నువ్వు ముట్టుకోకు.

శ్రీవాణి


హైదరాబాద్
26 ఫిబ్రవరి

కోడలు పిల్లా,

నీ ఉత్తరాన్ని మీ అత్త పైకి చదివింది. ఫొటో సంగతి దగ్గర నవ్వు ఆపుకోలేక చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. ఫొటో తీయించేశాను. నువ్వు అన్నందుకు కాదు. సెక్రటేరియట్‌లో కూడా ఎవరో అదే మాట అన్నారు.

బీమా ఢిల్లీదని నాకు తెలియదనుకున్నావా? అందుకే నేను బీమా కంపెనీ జోలికి పోలేదు, ఏజెన్సీని పట్టుకున్నాను. వాడి బోర్డు మన బస్టాండు ఎదురుగానే ఉంది. వాడి వృత్తి పన్ను మనకే కడతాడు. ఇది నీకు తట్టలేదు. రాయితీ మీద మాత్రం మూడు రోజులు ఆలోచించి మార్చాను. ఇప్పుడు రాయితీ ఏజెన్సీకి కాదు, కార్మికుడి కుటుంబానికి, ఇంటి పన్నులో. ఇది నా సొంత ఆలోచన.

ఇక అసలు మాట. పోచన్న సంగతి ఎత్తవద్దని ఏ నోటితో అన్నావు? ఏసీ గదిలో పదకొండేళ్లు కూర్చుని కంపెనీ మనిషివైపోయావు. సెంట్రింగ్ పని చేసే మన మండలం వాడి పేరు సభలో వినబడితే నీకు నామోషీయా? లేక మీ పైవాళ్లు నీతో ఈ ముక్క రాయించారా? నీకు మొదటిసారి పాస్‌పోర్టు తీయించడానికి నేను ఎన్ని మెట్లు ఎక్కానో మరిచిపోయినట్టున్నావు.

శాంతవ్వ మళ్లీ వచ్చింది. ఇది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా "సార్, ఒక్క ముచ్చట చెప్పాలె" అని మొదలుపెడుతుంది. ఈసారి కూర్చోబెట్టి రెండు బిల్లులూ సెక్షన్ల వారీగా విడమరిచి చెప్పాను. తల ఊపుతూ విన్నది. పాపం, ఎంత అర్థమైందో. బీమా వాళ్ల ఇంగ్లీషు కాగితాన్ని సభ రోజున తెమ్మన్నాను. మార్చి ఇరవై ఒకటి, శుక్రవారం. ఆ కాగితం పైకెత్తి చూపిస్తే సభ దద్దరిల్లాలి.

నీ సలహా లేకుండానే నెగ్గుకొస్తాను.

గంగాప్రసాద్


వాడి కబీర్
16 మార్చి

మామా,

ఇది ఫోన్‌లోనే చెప్పాలని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మీ పీఏ ఎత్తి "సార్ బిల్లు మీద ఉన్నారు మేడమ్" అన్నాడు. అతనితో చెప్పే మాట కాదు ఇది.

పోచన్నకు డబ్బు రాదని రాసింది మా కంపెనీయే. ఆ కాగితం కింద సంతకం నాది.

నీ మొదటి ఉత్తరం అందిన రోజే ఫైలు తీసి చూశాను. పేరు చూసినా నాకు గుర్తు రాలేదు, అదీ చెప్పాలి. నెలకు అరవై ఫైళ్లు నా బల్ల మీదికి వస్తాయి. డ్యూటీలో ఉండగా ప్రమాదం జరిగితేనే ఆ పాలసీలో డబ్బు. కంపెనీ పంపిన హాజరు షీటులో డ్యూటీ సాయంత్రం నాలుగింటికి ముగిసిందని ఉంది. బండి బోల్తాపడింది నాలుగూ నలభైకి. డ్యూటీ అయ్యాక జరిగింది కాబట్టి వర్తించదని రాసి సంతకం పెట్టాను. దానికి నాకు పట్టింది పది నిమిషాలు. సభలో ఎత్తవద్దన్నది అందుకే. భయపడ్డాను. పైవాళ్లు ఎవరూ రాయించలేదు.

నువ్వు నన్ను కంపెనీ మనిషివన్నాక నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. మొన్న శుక్రవారం మబేలా వెళ్లాను. ఆ రోజు పోచన్నతో పాటు బండిలో ఉన్న ఫోర్‌మన్ ఇంకా ఆ కంపెనీలోనే ఉన్నాడు. పేరు బాబు మియా, కడప మనిషి. రంజాన్ కాబట్టి ఇఫ్తార్ వేళకు రమ్మన్నాడు. రూమ్ బయట చాప వేసి, ముందు నా చేతిలో ఖర్జూరం పెట్టి తరువాత తను ఉపవాసం విడిచాడు.

"ఆ రోజు డ్యూటీ నాలుగింటికి అయిపోయిందట కదా?" అని అడిగాను.

"యాడ అయిపోయింది బేటీ? షటరింగ్ చెక్కలు మిగిలినాయి, ఇంగో సైట్‌లో దించిపోండి అని ఇంజనీరు చెప్పినాడు. నేను ముందర, పోచన్న ఎనకాల చెక్కల మింద కూర్చున్యాడు. మలుపులో బండి తిరగబడింది. చెక్కలన్నీ వాని కాలి మిందనే పడినాయి."

"మరి షీటులో నాలుగని ఎందుకు రాశారు?"

"నాలుగు దాటితే ఓవర్‌టైమ్ ఇయ్యాల కదా. అందుకే దినామూ నాలుగుకే మూసేస్తారు. మాకు తెలుసు, కంపెనీకి తెలుసు. మీ ఆఫీసోళ్లకు తెలీదా?"

ఇదే మాట రాసి సంతకం పెడతారా అని అడిగాను. ఆయన చేతిలోని సమోసా మళ్లీ ప్లేటులోకి వెళ్లింది.

"మేరా నామ్ నక్కో లిఖో బేటీ, నా పేరు రాయొద్దు. ఇంగా రెండేండ్లు నౌకరీ చేయాల నేను. ఈ వయసులో నాకు ఇంగో వీసా ఎవరిస్తారు?"

ఇదీ సంగతి. శుక్రవారం శాంతవ్వ నీకిచ్చే కాగితం మీద నా పేరు ఉంటుంది. దాచకు. చదువు. మామ సభలో తిట్టాడని నలుగురూ అనుకుంటే అనుకోనీ. సభలో నా పేరు వినబడ్డాక మా వాళ్లు ఫైలు మళ్లీ తెరవక తప్పదు. కొరియర్‌లో పంపుతున్నాను, ఇరవై ఒకటిలోపు అందుతుందన్నారు.

శ్రీవాణి


హైదరాబాద్
22 మార్చి

శ్రీవాణీ,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. అలిగావనుకున్నాను. నిన్నటితో నాకు కారణం తెలిసిపోయింది.

సభలోకి వెళ్లే ముందు లాబీలో శాంతవ్వ కాగితం ఇచ్చింది. పక్కనే ఆమె కూతురు రజిత ఉంది, డిగ్రీ చదువుతోంది. మడత విప్పి చూశాను. కింద నీ పేరు, ఇంటిపేరుతో సహా. అంతలో లోపల గంట మోగింది.

సభలో ముప్పై మంది కూడా లేరు. ఒకాయన ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు, నా వెనక సీటాయన గురక పెడుతున్నాడు. నలభై నిమిషాలకు సరిపడా తయారై వెళితే ఆరు నిమిషాలు ఇచ్చారు. పోచన్న సంగతి చెప్పాను. కాగితం పైకెత్తి చూపించాను. నీ పేరు మీద బొటనవేలు అదిమి పట్టుకున్నాను. మంత్రి లేచి, సభ్యుడి ఆవేదన అర్థమైంది, ప్రభుత్వం పరిశీలిస్తుంది అని చెప్పి, బిల్లు వెనక్కి తీసుకోవాలని కోరాడు. ఇలాంటి బిల్లు పెట్టిన ప్రతివాడూ వెనక్కి తీసుకుంటాడు. నేనూ తీసుకున్నాను. రెండో బిల్లుకు పేరు చదవడంతోనే పని అయిపోయింది. పేపర్లో ఒక మూల రెండు లైన్లు వేశారు. నా పేరు గంగారాం అని పడింది.

నీ పేరు ఎవరికీ తెలియలేదు. మా అక్కకు, అంటే మీ అమ్మకు కూడా చెప్పలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు. కడుపులో పెట్టుకుంటాను. కానీ నాతో ముందే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

మేనమామ


వాడి కబీర్
9 ఏప్రిల్

మామా,

నా ఉత్తరం నీకు శుక్రవారం దాటాక అంది ఉంటుంది. ఇప్పటికి చదివే ఉంటావు.

నిశ్చింతగా ఉండమన్నావు. నా పేరు మీద వేలు పెట్టింది ఎవరి కోసం? శాసనసభ్యుడి మేనకోడలే ఆయన మండలం మనిషికి డబ్బు ఆపిందని పేపర్లో వస్తే, అప్పుడు నీ పేరు తప్పు పడేది కాదు. అదీ నీ భయం. దానికి నా పేరు పెట్టి, కడుపులో పెట్టుకున్నానంటావు. పోచన్న మాత్రం గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

ఇక్కడ జరిగింది విను. పండగ సెలవులు అయ్యాక బాబు మియా ఖురంలోని మా ఆఫీసుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని, గంటసేపు కింద రిసెప్షన్‌లో నిలబడ్డాడట. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను దిగి వెళ్తే జేబులోంచి చిన్న చీటీ తీశాడు. ఆ రోజు బండి సైట్ గేటు దాటేటప్పుడు వాచ్‌మన్ రాసిన చీటీ. నాలుగూ ఇరవై, షటరింగ్ చెక్కలు, ఇంజనీరు సంతకం.

"దీంట్లో నా పేరు లేదు బేటీ. ఇది చాల్తుందా?" అన్నాడు.

చాలుతుంది. ఫైలు మళ్లీ తెరవమని రాసి, ఆ చీటీ జత చేసి మేనేజర్ ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆపింది నువ్వే, తెరవమనేదీ నువ్వేనా? అయితే మొదట తప్పు చేశానని రాసివ్వు" అన్నాడు. రాసిచ్చాను. మీ సభలో పరిశీలిస్తామంటారు. మా దగ్గర రివ్యూలో ఉందంటారు. భాష ఒక్కటే తేడా.

శ్రీవాణి


ఊరి నుంచి
20 ఏప్రిల్

శ్రీవాణీ,

నీ ఉత్తరాలు రెండూ చదివాను. నిజమే, నా కోసమే వేలు పెట్టాను. నీ కోసం కూడా. ఏది ఎంతో నన్ను అడగకు.

నిన్న శాంతవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె నా దగ్గరకు నాలుగుసార్లు వచ్చింది, నేను వాళ్ల గడప తొక్కడం ఇదే మొదటిసారి. పీఏను కారులోనే ఉంచాను. పోచన్న లేవబోతే వద్దన్నాను. కర్ర కింద పడింది, నేనే తీసిచ్చాను. చెప్పక తప్పదని మొదలుపెట్టాను.

"శాంతవ్వా, ఆ కాగితం మీద సంతకం ఉన్నది చూడు..."

"మీ మేనకోడలిదే గద సార్. మాకెర్కే" అన్నది.

కాగితం వచ్చిన రోజే రజిత చదివి ఇంటిపేరు గుర్తుపట్టిందట. మా అక్క కూతురు మస్కట్‌లో బీమా ఆఫీసులో ఉందని మన మండలంలో తెలియనిది ఎవరికి?

"తెల్సి నాకు చెప్పకపోతివేమి?" అన్నాను.

"గది చెప్పనీకే గద సార్ నాల్గుసార్లు అచ్చిన. మీ కోడలుకు ఒక్కపారి ఫోన్ కల్పుండ్రి, మా ఆయన డ్యూటీల ఉండంగనే పడ్డడని చెప్పుకుంట అని అడ్గనీకి అచ్చిన. మీరు బిల్లు అంటిరి, సెక్షన్ అంటిరి, పన్ను అంటిరి. నన్ను నోరు తెర్వనిస్తిరా?"

పోచన్న నేల చూస్తూ, "మీ బిల్లు మంచిదే గావచ్చు సార్. మేమైతే బిల్లు కోసం రాలే" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా మైకు ముందు నిలబడి, నోరు లేనివాళ్లకు నేనే నోరు అని చెబుతున్నాను శ్రీవాణీ. ఆమెకు నోరు బాగానే ఉంది. ఇంటికి వచ్చాక మీ అత్తతో చెబితే, "ఇప్పుడన్న తెలిసె" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నీ నంబర్ రజితకు ఇచ్చి వచ్చాను. ఫోన్ వస్తే ఎత్తు. బిల్లు మళ్లీ పెడతాను, ఈసారి ఒక్క పేజీ. నవ్వుతావని తెలుసు. నవ్వుకో.

మామ


వాడి కబీర్
9 జూన్

మామా,

నవ్వలేదు. ఆ ఒక్క పేజీ పంపు, చదువుతాను. తిట్టనని మాత్రం మాట ఇవ్వను.

పోచన్న క్లెయిమ్ మంజూరైంది. పోయిన బుధవారం డబ్బు శాంతవ్వ ఖాతాలో పడింది. నన్ను క్లెయిముల నుంచి తీసేసి కార్ల పాలసీలు రెన్యువల్ చేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. శిక్ష అనలేదు, మార్పు అన్నారు. ఇప్పుడు నా ముందుకు కాళ్లు రావు, బంపర్లు వస్తాయి. బాబు మియా నౌకరీకి ఏమీ కాలేదు. ఆ సైట్‌లో షీటు ఇప్పటికీ నాలుగింటికే మూసేస్తున్నారట. దాని గురించి మా కంపెనీ వాళ్ల కంపెనీకి ఒక ఉత్తరం రాసింది. చాలా మర్యాదగా రాసింది.

డబ్బు పడ్డాక నేనే శాంతవ్వకు ఫోన్ చేశాను. రజిత ఇదివరకు రెండుసార్లు మాట్లాడింది గానీ, వాళ్లమ్మతో నేరుగా మాట్లాడడం ఇదే మొదలు. నన్ను తిడుతుందని సిద్ధమై కూర్చున్నాను. తిట్టలేదు. మంజూరు కాగితంలో ఏముందో తెలుగులో చెప్పమన్నది. చెప్పాను. శాశ్వత వైకల్యం నలభై శాతమని డాక్టర్లు తేల్చారని, ఆ లెక్కనే డబ్బు ఇచ్చారని.

ఆ నలభై దగ్గర ఆమె నన్ను ఆగమన్నది.

"అంటే కాలు నలబై వోయిందన్నట్టా బిడ్డా?"

"అట్లనే రాశారు అవ్వా."

ఫోన్ పక్కన పెట్టి పోచన్నతో ఏదో అన్నది. అతను ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. మళ్లీ ఫోన్ అందుకుంది.

"ఆయన అడుగుతుండు. నలబై వోతే ఇంక అరవై ఉండాలె గద. ఆ అరవై ఏడున్నదో ఆయనకు దొర్కుతలేదట. మీ కాగితంల ఏమన్న రాసిండ్రేమో, జర సూసి చెప్పు."

కాగితం నా చేతిలోనే ఉంది మామా. మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివాను. అందులో లేదని చెప్పాను.

శ్రీవాణి